జావా ఇంట్లో కోర్బా ఇల్లరికం

మొన్నామధ్య ఒక పాత ప్రోగ్రాంని జావా 8 నుంచి 11కి మార్చే పని నా నెత్తిన పడింది. ఏముందిలే, ఒక పూట పని అనుకుని మొదలుపెడితే కంపైలర్ వందలకొద్దీ తప్పులు చూపించింది. అన్నిటిదీ ఒకటే గోల... కోర్బా ప్యాకేజీలు కనబడటం లేదని. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళు రాసిన కోడ్ అది. వాళ్ళ తప్పేమీ లేదు. జావాతో పాటే వచ్చే లైబ్రరీ కదా, ఎక్కడికి పోతుందిలే అని నమ్మారు, అంతే. ఆ నమ్మకం ఎలా పుట్టింది, ఎలా పోయింది అన్నదే ఈ టపా.

1989లో ఓఎంజీ అనే సంస్థ పుట్టింది. 1991లో కోర్బా మొదటి ప్రమాణం వచ్చింది. ఆలోచన మంచిదే. సీ++లో రాసిన ఆబ్జెక్టుని వేరే యంత్రం మీద, వేరే భాషలో రాసిన ప్రోగ్రాం పిలవగలగాలి. అందుకోసం ఇద్దరిలో ఎవరిదీ కాని మూడో భాష ఒకటి పెట్టారు, ఐడీఎల్. ఏమడగొచ్చో, ఏం తిరిగొస్తుందో అందులో రాస్తే ఏ భాషకి కావలసిన కోడ్ ఆ భాషలో తయారవుతుంది. వేర్వేరు కంపెనీల కోర్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2.0తో ఐఐఓపీ ప్రోటోకాల్ వచ్చింది. అందులో నాకు నచ్చిన ముచ్చటొకటుంది. పంపేవాడు తన యంత్రం బైట్ల వరసలోనే పంపుతాడు, అదే వరసో చెప్పే గుర్తు ముందు పెడతాడు. తిప్పుకునే బాధ చదివేవాడిది!

ఇక జావా. 1997లో జేడీకే 1.1తో ఆర్ఎంఐ వచ్చింది. వాడటం తేలికే గానీ రెండు వైపులా జావానే ఉండాలి. పెద్ద కంపెనీల్లో అప్పటికే నడుస్తున్నవేమో సీ++, కోబాల్. వాటితో మాట్లాడలేకపోతే జావాని గుమ్మం లోపలికి ఎవరు రానిస్తారు? అందుకే 1998 డిసెంబర్లో 1.2తో కోర్బాని ఇల్లరికం తెచ్చుకున్నారు. 2000లో 1.3 వచ్చేసరికి ఆర్ఎంఐనే ఐఐఓపీ మీద నడిపే వీలు కూడా కల్పించారు.

కాపురం మొదట్నుంచీ సర్దుబాట్లతోనే నడిచింది. ఐడీఎల్‌లో ఒక పిలుపు తన పారామీటర్ల ద్వారానే విలువలు తిరిగివ్వొచ్చు. జావాలో ఆ పద్ధతి లేదు, కాబట్టి ప్రతి రకానికీ ఒక హోల్డర్ క్లాసు పుట్టించారు. ఐడీఎల్ చార్ 8 బిట్లది, జావా చార్ 16 బిట్లది. మన 'క' అందులో పట్టదు, దానికి వెడల్పాటి రకం వేరే వాడుకోవాలి.

అసలు చిక్కు మాత్రం వేగం దగ్గర వచ్చింది. కోర్బా ప్రమాణం తన దారిన మారుతుంటే జేడీకే తన దారిన విడుదలవుతుంది. సర్వర్ రాయడానికి ముఖ్యమైన పీఓఏ జేడీకేలోకి 2002లో, 1.4తో గానీ రాలేదు. లోపల ఉన్నదాన్ని పక్కకి నెట్టి బయటనుంచి తెచ్చుకున్నది వాడటానికి అదే 1.4లో ప్రత్యేకంగా ఒక దొడ్డిదారి కూడా పెట్టారు. ఇంట్లో పెట్టుకున్నదాన్ని తప్పించుకోవడానికి ఇంటివాళ్ళే దారి చూపించడమన్నమాట!

ఈలోగా గాలి మారింది. 2000లో సోప్ 1.1 వచ్చింది. ఫైర్‌వాళ్ళు ఎలాగూ వదిలే హెచ్‌టీటీపీ మీద అది హాయిగా వెళ్ళిపోయేది. కోర్బా మీద పెద్ద పుస్తకం రాసినవాళ్ళలో ఒకడైన మిచి హెన్నింగ్, 2006లో దాని ఉత్థాన పతనాల మీద వ్యాసం రాశాడు. తమాషా ఏమిటంటే అదే ఏడు డిసెంబర్లో జావా 6 సోప్‌ని కూడా లైబ్రరీలోకి తెచ్చుకుంది. 2017లో జావా 9 రెంటికీ నోటీసిచ్చింది. 2018 సెప్టెంబర్లో జావా 11 రెంటినీ పంపించేసింది. సోప్ లైబ్రరీలు బయట విడిగా దొరికాయి. కోర్బాకి మాత్రం ఎవరైనా ముందుకొచ్చి చూసుకుంటే తప్ప విడి ప్రతి ఉండదని చెప్పేశారు.

అలాగని తెచ్చుకోవడమే తప్పని అనను. అప్పట్లో బయట కోర్బా కొనాలంటే డబ్బులు పెట్టాలి, జేడీకేలో ఉండబట్టే చాలామంది ముట్టుకోగలిగారు. పైథాన్ 2001లో తెచ్చుకున్న ఎక్స్ఎంఎల్-ఆర్పీసీ ఇంకా అక్కడే ఉంది. అది చిన్నది, మారదు, అందుకని ఎవరికీ అడ్డం రాలేదు. 2007లో థ్రిఫ్ట్, 2008లో ప్రోటోకాల్ బఫర్లు, 2015లో జీఆర్పీసీ వచ్చాయి. ఇవన్నీ భాషల గుమ్మం బయటే ఉండి బతికాయి.

నా ఉద్దేశంలో ఇద్దరి మధ్య ఒప్పందం కాగితం ఒకరి బీరువాలో ఉండకూడదు. వాళ్ళు ఇల్లు సర్దుకున్న రోజున అది కూడా చెత్తలోకి పోతుంది. నా ప్రోగ్రాం సంగతంటారా? బయట దొరికే ఓఆర్‌బీ ఒకటి తెచ్చి తగిలించాను, నడుస్తోంది. ఈసారి మాత్రం దాన్ని ఎందుకు పెట్టానో, ఎక్కడ్నుంచి తెచ్చానో కోడ్ పైనే రాసిపెట్టాను. నా తరవాత వచ్చేవాళ్ళెవరో నన్ను తిట్టుకోకుండా...