నెలకు ఐదు ఆస్‌ల చందా

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. రోము అనగానే అందరికీ చక్రవర్తులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ముప్పైమూడేళ్ళు గుమాస్తాగా రసీదులు, రిజిస్టర్లు వ్రాసిన నాకు మాత్రం ఆ చరిత్రలో అన్నిటికంటే నచ్చినది ఒక పేదల సంఘం నిబంధనావళి. దాని సంగతి చెప్పేముందు అక్కడి కలిగినవారు, లేనివారు ఎలా బ్రతికేవారో కొంచెం చెప్పాలి.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కూరుకుపోయిన పాంపే పట్టణం తవ్వకాలలో ఒక శ్రీమంతుడి ఇల్లు బయటపడింది. దాని వైశాల్యం సుమారు 3,000 చదరపు మీటర్లు. నాలుగు వీధుల మధ్య స్థలమంతా ఆ ఒక్క ఇల్లే! రోము నగరంలో పేదవారు మాత్రం అంతస్తుల మీద అంతస్తులు వేసిన అద్దె ఇళ్ళలో ఇరుకు గదులలో ఉండేవారు. అవి కూలిపోవడం, నిప్పంటుకోవడం తరచు జరిగేది. ఆగస్టస్ చక్రవర్తి 70 అడుగులకు మించి ఎత్తు కట్టరాదని ఉత్తరువు చేయవలసి వచ్చింది. ధనికుడు చక్రవర్తి అనుమతి తెచ్చుకుంటే సీసపు గొట్టంలో నీరు ఇంటికే వచ్చేది. పేదవాడు వీధి తొట్టి దగ్గర పట్టుకుని మెట్లన్నీ ఎక్కి మోసుకోవలసిందే.

తిండి సంగతీ అంతే. పెద్దల విందులలో ఆల్చిప్పలు, ప్రత్యేకంగా మేపిన చిట్టెలుకలు వడ్డించేవారు. పేదవాడికి గోధుమలే ఆధారం. క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ తక్కువ ధరకు గోధుమలిచ్చే చట్టం తెచ్చాడు. క్రీ.పూ. 58 నుంచి అవి ఉచితమయ్యాయి. నెలకు సుమారు 33 కిలోలు. జాబితాలో 3,20,000 పేర్లు చేరగా జూలియస్ సీజర్ వాటిని 1,50,000కు తగ్గించాడు. కార్డుల ఏరివేత ఇప్పటిది కాదన్నమాట! బానిసలకు ఆ జాబితాలో చోటు లేదు.

చావులోనూ ఈ తేడా పోలేదు. గొప్ప కుటుంబంలో ఎవరైనా పోతే పూర్వీకుల మైనపు ముఖాలు ధరించినవారు ఊరేగింపుగా నడిచేవారు. అప్పియన్ రహదారి పక్కన వారి సమాధులు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. దిక్కులేనివారిని ఒకప్పుడు ఎస్క్విలిన్ కొండ దగ్గర గోతులలో పడవేసేవారు. మన దేశంలో లాగే, సరైన కర్మ జరగకుండా పోతామేమో అన్నది అక్కడి పేదవాడి పెద్ద భయం.

ఇక నేను చెప్పదలచిన సంఘం సంగతి. రోముకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లనూవియం అనే ఊరుంది. అక్కడ 1816లో ఒక పాలరాతి శాసనం దొరికింది. క్రీ.శ. 136 నాటిది. అది ఒక అంత్యక్రియల సంఘం నియమావళి. సభ్యులలో పేదవారు, బానిసలు కూడా ఉన్నారు. చేరేటప్పుడు 100 సెస్టర్సులు, ఒక జాడీ మంచి ద్రాక్షసారా ఇవ్వాలి. తరువాత నెలకు 5 ఆస్‌ల చందా. నాలుగు ఆస్‌లు ఒక సెస్టర్స్ కనుక ఏడాదికి 15 సెస్టర్సులు. సభ్యుడు పోతే అంత్యక్రియలకు 300 సెస్టర్సులు మంజూరు. అందులో 50 చితి దగ్గర వెంట వచ్చినవారికి పంచేందుకు. ఆ రోజులలో సైనికుడి ఏడాది జీతం 1,200. అంటే మూడు నెలల జీతమంత సొమ్ము.

నియమాలు చూస్తే మన మహాసభలే కళ్ళ ముందు మెదులుతాయి. చేరబోయేవాడు ముందు నిబంధనలన్నీ చదువుకోవాలి; తరువాత ఫిర్యాదు చేయకూడదు. విందులో ఒక్కొక్కరికి 2 ఆస్‌ల రొట్టె, నాలుగు చిన్న చేపలు. తన చోటు వదిలి గొడవ చేస్తే 4 సెస్టర్సుల జరిమానా, తోటి సభ్యుణ్ణి తిడితే 12, అధ్యక్షుణ్ణి అవమానిస్తే 20! ఫిర్యాదులుంటే సమావేశంలో చెప్పుకోవాలి, విందులో కాదు.

ఇరవై మైళ్ళకు మించిన దూరంలో సభ్యుడు చనిపోయినట్టు కబురు వస్తే ముగ్గురు వెళ్ళి అంత్యక్రియలు జరిపించి నిజాయితీగా లెక్క చెప్పాలి. తప్పుడు లెక్కకు నాలుగు రెట్లు జరిమానా. ఒక్కొక్కరికి దారి ఖర్చు 20 సెస్టర్సులు. మన భాషలో టీ.ఏ. అన్నమాట.

నన్ను కదిలించిన నియమం మరొకటి ఉంది. బానిస సభ్యుడు చనిపోతే, యజమాని అన్యాయంగా శవాన్ని ఇవ్వనంటే, శవం లేకుండానే అతనికి అంత్యక్రియలు జరపాలి. బ్రతికినంత కాలం అతడి శరీరం మరొకరి సొత్తు. కాని నెలనెలా ఐదు ఆస్‌లు కట్టిన సభ్యుడు కనుక సంఘం అతణ్ణి మనిషిగానే సాగనంపింది.

ఆ రాతిమీద ఒక కఠినమైన నియమమూ ఉంది. వరుసగా ఆరు నెలలు చందా కట్టకుండా పోయినవాడికి సొమ్ము రాదు. అది చదివినప్పుడు నాకు పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఒక సహాయ నిధి లెక్కలు నేను చూసేవాణ్ణి. ఒక చిరుద్యోగి ఏడు నెలల చందా బాకీ ఉండగా చనిపోయాడు. ఆయన భార్య కాగితం పట్టుకుని వస్తే, "నిబంధనల ప్రకారం అర్హత లేదు" అని ఫైలు మీద వ్రాసి పైకి పంపాను. నిబంధన ప్రకారం తప్పు లేదు. కాని ఆ ఏడు నెలలూ ఆయన మంచాన ఉన్నాడని నాకు తెలుసు. ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. "చందా నేను కడతాను, తరువాత ఇద్దువుగాని" అని ఒక్కమాట చెప్పి రాలేకపోయాను. లనూవియం వారు చనిపోయిన సభ్యుడి కోసం ఇరవై మైళ్ళు దాటి వెళ్ళారు.

నిబంధనలు తీసివేయమని నేను అనను. అవి లేకపోతే నిధి మిగలదు. ఆ సంగతి గుమాస్తాకు ఒకరు చెప్పనక్కరలేదు. బాకీ పడినవారి పేర్లు పేటలవారీగా కార్యదర్శిగారు వ్రాసి ఇస్తే, గడువు దాటకముందే ఒకరు వారి ఇంటికి వెళ్ళి రావాలన్నదే నా మనవి. మోకాళ్ళ నొప్పులున్నా మా పేట జాబితా నాకు ఇవ్వండి. నేను వెళ్ళివస్తాను.