మేత ఆపితే ఏ మొక్క గెలుస్తుంది? కాంగేర్ నుంచి భరత్‌పూర్ దాకా

జగదల్‌పూర్ నుంచి కోంటా వచ్చే దారిలో తోంగ్‌పాల్ ఉంది. దానికి దగ్గర్లోని కాంగేర్ అడవుల గురించి మీరు చదివే ఉంటారు. 1905లో బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. 1910లో తిరుగుబాటు వచ్చింది. ముందుగా కదిలింది కాంగేర్ ధుర్వాలే. తిరుగుబాటును అణచివేసినా, రిజర్వు విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించక తప్పలేదు.

ఆనాటి రిజర్వు వెనుక ఉన్నది కలప, ఆదాయం. స్వాతంత్ర్యం వచ్చాక కారణం మారింది, గీత మాత్రం మిగిలింది. 1982లో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానమైంది. అదే ఏడాది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ చిత్తడి నేలల్లో పక్షుల రక్షణ పేరుతో గేదెల మేతను నిషేధించారు. ఎదురుతిరిగిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు.

మరి పక్షులకు మేలు జరిగిందా? ఇక్కడే అసలు పాఠం ఉంది. పాస్పాలం అనే గడ్డి నీటి మీద తీగలా అల్లుకుంటుంది. గేదెలు దాన్ని మేసి, తొక్కి అదుపులో ఉంచేవి. అవి వెళ్లిపోగానే గడ్డి నీటిని కప్పేసింది. వెలుతురు అందక నీటిలోపలి మొక్కలు వెనకబడ్డాయి. బాతులకు కావలసిన తెరిపి నీరు తగ్గింది. 1980 నుంచి పదేళ్లు అక్కడ అధ్యయనం చేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, గేదెల మేత ఆ వ్యవస్థకు అవసరమని తేల్చింది. 1990లో కేవలాదేవ్ మాంట్రూ రికార్డులోకి ఎక్కింది.

సూత్రం ఇది: మేసే జీవి మొక్కల పోటీలో తీర్పరి. అది దేన్ని తింటే అది బలహీనపడుతుంది, పక్కదానికి చోటు దొరుకుతుంది. ఫ్లోరిడా ప్రయోగాల్లో ముక్కుపురుగులు గుర్రపుడెక్కను తిన్నప్పుడు, అంతరతామరపై దాని ఆధిక్యం తగ్గింది. రెండూ కలుపే. అంటే ఒక కలుపును తగ్గిస్తే మరో కలుపు లేవవచ్చు. అందుకే మేత మంచిదా చెడ్డదా అని కాదు, ఏ జీవి, ఏ మొక్కను, ఎంత మేస్తోంది అని అడగాలి.

జవాబు రాసేటప్పుడు 1910నీ 1982నీ పక్కపక్కన పెట్టండి. రెండుసార్లూ స్థానికులను అడగకుండానే గీత గీశారు. భరత్‌పూర్‌లో ఆ పొరపాటుకు మనుషులతో పాటు నీరు కూడా మూల్యం చెల్లించింది.