జాలీ బీరువాను అమ్మేయకండి

శ్రీహరికోట అనగానే రాకెట్లే గుర్తొస్తాయి కదూ? అవి రాకముందు ఆ దీవి అడవిలో కొట్టిన కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిలకు వెళ్లేవి. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. అప్పటికే మన వంటిళ్లలోకి ప్రెషర్ కుక్కరు, 1965లో మొదలైన ఇండేన్ గ్యాసు వస్తున్నాయి. కట్టెపొయ్యి పోయిందని నాకు దిగులు లేదు; ఆ పొగ ఎందరి కళ్లను తినేసిందో! ఆనాటి కుక్కరుకు కూడా సరైన సేఫ్టీ వాల్వు దొరక్కపోతే తీసేయవలసిందే. ఆవిరితో మొహమాటమేమిటి?

టేకు జాలీ బీరువాను మాత్రం పాతసామాన్లవాడికి వేయకండి. అందులో గాలి ఆడుతుంది, పిల్లి దూరదు, కాళ్లకింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలెక్కవు. ఉప్పుగాలికి జాలీ తుప్పు పడితే వడ్రంగిని పిలిచి కొత్తది కొట్టించండి. ఉల్లిపాయలు, వెల్లుల్లి ఫ్రిజ్‌లోకన్నా అందులోనే నిలవుంటాయి.