రెండో జాయ్‌స్టిక్

1983 జులై 15న జపాన్‌లో నింటెండో కంపెనీ 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. ఎరుపు తెలుపు ప్లాస్టిక్ డబ్బా, దానికి వైర్లతో శాశ్వతంగా కలిపేసిన రెండు జాయ్‌స్టిక్‌లు. (కర్ర ఏమీ లేని చిన్న పలకలే అవి, కానీ మనం పిలుచుకున్న పేరు అదే.) చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. దగ్గరగా చూస్తే మొదటిదానికి మధ్యలో స్టార్ట్, సెలెక్ట్ అని రెండు బటన్లుంటాయి. రెండోదానికి ఉండవు. వాటి స్థానంలో చిన్న మైకు అమర్చారు. రెండోది పట్టుకున్నవాళ్లు పరుగెత్తగలరు, కొట్టగలరు, అరవగలరు కూడా. ఆట మొదలుపెట్టలేరు, మధ్యలో ఆపలేరు, ఏ స్థాయిలో ఆడాలో ఎంచుకోలేరు. 1985లో ఇదే యంత్రాన్ని రూపం మార్చి అమెరికాలో అమ్మినప్పుడు రెండు జాయ్‌స్టిక్‌లూ ఒకేలా చేశారు. మన దాకా వచ్చిన నకళ్లలో చాలావాటికి మాత్రం జపాన్ డబ్బాయే మూలం. మా ఇంటికొచ్చినదాంట్లో మైకు కూడా తీసేశారు. బటన్లు ఎలాగూ లేవు.

మాది పురానాపూల్ దగ్గర గల్లీ. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద కట్టించిన వంతెన అది. భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించిన యువరాజు కథ ఒకటి ఈ వంతెనకు ముడిపెట్టి చెబుతారు. వంతెన కట్టేనాటికి ఆ మహమ్మద్ కులీకి పట్టుమని పద్నాలుగేళ్లు లేవు. ప్రేమకథల దగ్గర లెక్కలెవరు అడుగుతారు! ఆ వంతెనకు దగ్గర్లోనే జుమ్మేరాత్ బజార్. పేరుకు తగ్గట్టే గురువారం సంత. పాత ఇనుము, పాత ఫ్యాన్లు, ఒంటి చెప్పులు, ఎవరి ఇంట్లోంచి వచ్చాయో తెలియని టేప్‌రికార్డర్లు అన్నీ నేలమీదే పరిచి అమ్మేవాళ్లు. 2002 వేసవిలో మా నాన్న అక్కడే టీవీ గేమ్ కొన్నాడు, మా అన్న కోసం. దానితోపాటు పసుప్పచ్చ క్యాసెట్ ఒకటి. దాని మీద '9999 ఇన్ 1' అని రాసుంది. లెక్కపెడితే తేలిన అసలు ఆటలు చాలా తక్కువ, మిగిలినవన్నీ వాటికే వేరే పేర్లు.

ఆ జాబితాలో 'టెన్నిస్' ఒకటి. నింటెండో 1984లో చేసిన ఆట. పద్దెనిమిదేళ్ల తర్వాత పాతబస్తీలో ఒక ఇంటి టీవీలోకి అది రావడం వెనక ఒక సాదా లెక్క ఉంది. ఆ ఆట మొత్తం 24 కిలోబైట్లు. ఈనాటి ఫోనులో తీసే ఒక్క ఫొటోలో అలాంటివి వంద పట్టేస్తాయి. నకలు క్యాసెట్లు చేసేవాళ్లకు చిప్పులో చోటు అంటే డబ్బు. కాబట్టి తొలినాళ్ల చిన్న ఆటల్నే ఏరి కుక్కారు. బాగున్నవి ఏరుకోవడం వాళ్ల పని కాదు. మూడో ప్రపంచపు పిల్లల అభిరుచి అలా మెమరీ ధరను బట్టి ఏర్పడింది. సాహిత్యంలో 'కానన్' ఎలా ఏర్పడుతుందని పరిశోధన చేసినదాన్ని. ఇక్కడ నాకు అదే ప్రశ్న మరింత నిక్కచ్చిగా కనిపిస్తుంది.

టెన్నిస్ మంచి ఆట అని నేను చెప్పలేను. అందంగానూ ఉండదు. కదలని కోర్టు, చదునైన రంగులు, ఆడుతున్నంతసేపూ సంగీతం ఉండదు, బంతి తగిలిన టక్ టక్ చప్పుడే. కోర్టును ఒక చివర వెనక నుంచి చూస్తుంటాం కాబట్టి దూరంగా ఉన్న బంతి ఎంత ఎత్తులో ఉందో కంటికి అందదు. నేల మీద పడే దాని నీడను చూసి అంచనా కట్టాలి. ఎ బటన్ మామూలు దెబ్బకు, బి బటన్ లోబ్‌కు. బంతి ఎటు వెళ్లాలన్నది మనం నొక్కే క్షణాన్ని బట్టి ఉంటుంది. కాస్త ముందు నొక్కితే ఒక పక్కకు, కాస్త ఆలస్యమైతే మరో పక్కకు. మరీ ఆలస్యమైతే గాలిని కొడతాం. కష్టం అయిదు స్థాయిలు. ఒకటో స్థాయిలో కంప్యూటర్ బద్ధకంగా ఆడుతుంది. అయిదులో మన చేతులు మనవేనా అని అనుమానం వస్తుంది. మొదటిరోజు వరసగా ఓడిపోతాం. రెండోరోజూ అంతే. ఎందుకు ఓడిపోయామో ఆట చెప్పదు. పక్కన ఎత్తు కుర్చీలో కూచున్న అంపైర్ 'ఔట్' అంటాడు, అంతే.

ఆ అంపైర్ మారియో. మీసాల మారియో. ఆ మీసం సంగతి విడిగా చెప్పుకోవాలి. 1981లో 'డాంకీ కాంగ్' కోసం ఆ బొమ్మ గీసినప్పుడు మియమొతో షిగేరుకు దొరికినవి గుప్పెడు చుక్కలు. వాటితో నోరు గీయడం కష్టమని ముక్కు కింద మీసం పెట్టేశాడు. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టాడు. సాంకేతిక ఇబ్బందికి దొరికిన పరిష్కారం అది, నిజమే. కానీ మరుసటి ఏడాది వచ్చిన 'మిస్ ప్యాక్‌మ్యాన్'లో స్త్రీని చూపడానికి అంతే పొదుపుగా వాడిన చుక్కలు తలకు రిబ్బన్, పెదాలకు ఎరుపు. చుక్కలు ఎంత తక్కువైనా అలంకారానికి మాత్రం మిగిలాయి! 1978లో కరోల్ షా అనే ఇంజినీరు అటారీ కంపెనీలో చేరి మొదట తయారు చేసింది 'పోలో' అనే క్రీడ. ఒక సెంటు ప్రచారం కోసం అనుకున్న ఆ ఆట విడుదలే కాలేదు. ఒక స్త్రీ వచ్చింది కాబట్టి ఇక మేకప్ రంగులు జతచేసే ఆటలు, ఇల్లు అలంకరించే ఆటలు చేయొచ్చని కంపెనీ పెద్ద సంబరపడ్డాడని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆమె మాత్రం యాక్టివిజన్‌కు మారి 1982లో 'రివర్ రెయిడ్' చేసింది. అది యుద్ధవిమానం ఆట. 1989లో నింటెండో చేతిలో పట్టుకునే యంత్రం తెచ్చి దానికి 'గేమ్ బాయ్' అని పేరు పెట్టింది. ఆ పేరు మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

మా గల్లీలో ఆడపిల్లలకు వీడియో గేమ్ దుకాణం లేదు. ఉంది, కానీ మాకు లేదు. గంటకు అయిదు రూపాయలు తీసుకునే ఆ చీకటి గది గుమ్మం దగ్గర నిలబడితేనే 'నీకేం పని ఇక్కడ' అని అడిగేవాళ్లు. కాబట్టి మా ఆట అంతా ఇంట్లో, అన్న దయ మీద. టెన్నిస్‌లో ఇద్దరూ ఒకే జట్టుగా కంప్యూటర్ జంటతో ఆడే డబుల్స్ ఉంది. వాడు ఒకటో జాయ్‌స్టిక్, నేను రెండు. స్థాయి వాడే ఎంచేవాడు. అన్నం వడ్డించమని అమ్మ నన్ను పిలిస్తే ఆట ఆగేది కాదు, నా బొమ్మ కోర్టులో బొమ్మలాగే నిలబడి ఉండేది, పాయింట్లు పోయేవి. వాణ్ణి పిలిస్తే స్టార్ట్ నొక్కి వెళ్లేవాడు. అంతకుమించి మా అన్న చెడ్డవాడేం కాదు.

2003లో ఇదే ఊరి అమ్మాయి సానియా మీర్జా వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. గల్లీలో ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి మాట్లాడినవాళ్లకంటే స్కర్టు గురించి మాట్లాడినవాళ్లు ఎక్కువ. మేం నలుగురం ఆడపిల్లలం టీవీలోని ఆ ముఖం లేని బొమ్మకు సానియా అని పేరు పెట్టుకున్నాం. ముఖం లేకపోవడం ఆ ఒక్క చోట పనికొచ్చింది. స్కర్టు ఎంత పొడవో చెప్పడానికి అక్కడ ఎవరికీ చుక్కలు చాలవు.

ఈ మధ్య అదే పాత క్యాసెట్ రకం మళ్లీ సంపాదించి, పాతబస్తీలో నాకు తెలిసిన ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆడిస్తున్నాను, మాట్లాడిస్తున్నాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని సేకరించింది. ప్రాణాలొడ్డిన ఆ స్త్రీల పక్కన టీవీ గేమ్‌ను పెట్టే సాహసం నాకు లేదు. వాళ్ల నుంచి తీసుకుంటున్నది పద్ధతిని మాత్రమే: మొదటి జవాబు దగ్గర ఆగకపోవడం. వీడియో గేముల చరిత్ర రాసేవాళ్లు యంత్రం ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, ఎవరు గెలిచారు అని రాస్తారు. రెండో జాయ్‌స్టిక్ పట్టుకున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లంతట వాళ్లు కూడా రారు. 'ఆడేవారా?' అంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు, లేదని.

ధూల్‌పేటలో పతంగులు చేసే ఇంటి ఆమె ఒకరు, నాకంటే పెద్దది. 'నేనెక్కడ ఆడిన అక్కా, గేమ్ మా తమ్మునిది' అంది. (నేను పుస్తకం పట్టుకుని వెళ్లాను కాబట్టి ఆ 'అక్కా'.) టీవీకి వైరు తగిలించి రెండో జాయ్‌స్టిక్ చేతికిచ్చాను. బంతిని కాదు, నీడను చూడాలని నాకే చెప్పింది. ముందుకు పోవద్దు, వెనక లైను దగ్గరే ఉండు, లోబ్ వస్తదని హెచ్చరించింది. మూడు గేములు ఆడాం, ఒకటి గెలిచాం. బంకతో బిరుసెక్కిన ఆమె బొటనవేలు బి బటన్‌ను వెతుక్కోలేదు. తర్వాత నా చేతిలో ఉన్న ఒకటో జాయ్‌స్టిక్ తీసుకుని తిప్పి చూసింది.

'ఈ సెలెక్ట్ నొక్కితే ఏమైతది?'

స్థాయి మారుతుందని చెప్పాను. ఒకటి నుంచి అయిదు దాకా ఒక్కొక్కటీ నొక్కి చూసింది, మళ్లీ మొదటికొచ్చి, మూడు దగ్గర ఆపి, స్టార్ట్ నొక్కింది.