గల్లాపెట్టె గంట, టాండీ గారి జీతం

2027 ఆగస్టు 3కి టీఆర్‌ఎస్-80కి యాభై ఏళ్ళు నిండుతాయి. కంప్యూటర్‌ను కొట్టుకు వెళ్ళి కొనుక్కునే సరుకుగా మార్చిన తొలి యంత్రాల్లో అదొకటి. దాని కథ గల్లాపెట్టె దగ్గర మొదలవుతుంది.

ఇంగ్లిషు వర్తకులకు డబ్బు సొరుగు శతాబ్దాలుగా ‘టిల్’. 1879లో అమెరికాలోని డేటన్‌లో సారాకొట్టు నడిపే జేమ్స్ రిటీ, పనివాళ్ళు చిల్లర నొక్కేయకుండా క్యాష్ రిజిస్టర్ తయారుచేశాడు. తర్వాతి నమూనాల్లో సొరుగు తెరిస్తే గంట మోగేది. బిల్లు కొట్టడాన్ని ‘రింగ్ అప్’ అనడం ఆ గంట చలవే.

అలాంటి గల్లాపెట్టెలున్న కొట్లలోకే కంప్యూటర్‌ను తెచ్చింది అమెరికాలోనే ఫోర్ట్‌వర్త్‌లోని టాండీ కంపెనీ. అది మొదట చెప్పుల తోలు అమ్మేది. 1963లో రేడియో ష్యాక్ దుకాణాలను కొన్నది. ఓడల మీద రేడియో పరికరాలుండే చిన్న గదిని అలా పిలిచేవారు, దుకాణానికి ఆ పేరే పెట్టారు. ఆ కంపెనీలోనే డాన్ ఫ్రెంచ్, స్టీవ్ లీనింగర్ ఒక చిన్న కంప్యూటర్ కట్టి, 1977 ఫిబ్రవరిలో కంపెనీ అధినేత ఛార్లెస్ టాండీ ముందు పెట్టారు.

నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. తెర మీద ఆదాయపు పన్ను లెక్కగట్టే ప్రోగ్రామ్. టాండీ కూర్చుని తన జీతం 1,50,000 డాలర్లని కొట్టాడు. యంత్రం చతికిలబడింది! అందులోని టైనీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు 32,767 దాటిన సంఖ్య తెలియదు. ఆ ఇద్దరి గుండెలు ఎంత జారిపోయాయో! కానీ ఆ పరాభవమే మేలు చేసింది. పెద్ద సంఖ్యలు, దశాంశాలు లెక్కించే శక్తిని బేసిక్‌లో చేర్చాకే ఆ యంత్రం టీఆర్‌ఎస్-80గా బయటికొచ్చింది.

అయినా కంపెనీకి ధైర్యం చాల్లేదు. దుకాణాలు 3,500 ఉన్నాయి కనుక ముందు 3,500 యంత్రాలే చేయించారు. బోణీ కాకపోతే ఒక్కో కొట్టు ఒక్కోటి ఉంచుకుని తన సరుకు లెక్కలు రాసుకుంటుందని ధీమా. తెర, క్యాసెట్ ప్లేయర్‌తో కలిపి ధర 599.95 డాలర్లు, మెమరీ 4 కేబీ. జనం ఎగబడ్డారు.

టాండీ, రేడియో ష్యాక్ పేర్ల తొలి అక్షరాలే టీఆర్‌ఎస్. వాటిని గబగబా పలికితే ‘ట్రాష్’, అంటే చెత్త, అని వినిపిస్తుంది. గిట్టనివాళ్ళు ‘ట్రాష్-80’ అని వెక్కిరిస్తే, దాని మీద బేసిక్ నేర్చుకున్నవాళ్ళు ముద్దుపేరుగా వాడుకున్నారు.

తర్వాత ఐబీఎం పీసీ వచ్చింది, దాని నకళ్ళొచ్చాయి, ఇంటర్నెట్ అంగళ్ళొచ్చాయి. 2015లో రేడియో ష్యాక్ దివాలా తీసింది. గల్లాపెట్టె గంట మాత్రం గొంతు మార్చుకుని బతికే ఉంది. మా వీధి కిరాణాకొట్టులో గల్లాపెట్టె పక్కన ఇప్పుడొక చిన్న స్పీకరుంది. ఫోన్‌తో డబ్బు కట్టగానే ఎన్ని రూపాయలు అందాయో తెలుగులో చెబుతుంది. లోపల బియ్యం కొలుస్తున్న షావుకారు తల తిప్పకుండానే వింటాడు.