గుఱ్ఱముల పొక్కులనుండి ఎబోలా టీకా వరకు

పశువునకు నోటిలోను, గిట్టల సందునను పొక్కులు లేచి చొంగ కారుచుండినచో మన రైతు గాలికుంటు అని గుర్తించును. అమెరికా ఖండములలో అచ్చముగ ఇట్లే కన్పట్టు మఱియొక వ్యాధి కలదు. గాలికుంటు గుఱ్ఱములకు సోకదు, ఇది సోకును. 1916లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో గుఱ్ఱములకు ఇది విరివిగా వ్యాపించెను. దీనికి కారణము వెసిక్యులార్ స్టొమటైటిస్ వైరస్, క్లుప్తముగా వి.ఎస్.వి. 1925లో ఇండియానాలోను, 1926లో న్యూజెర్సీలోను వేఱుచేసిన రకములకు ఆ రాష్ట్రముల పేర్లే నిలిచినవి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ వైరస్ తుపాకి తూటావలె కన్పడును. దానిలోనున్నది సుమారు 11,000 అక్షరముల ఆర్.ఎన్.ఏ. పోగు ఒక్కటే, అందు జన్యువులు అయిదే.

అయితే ఆ ఆర్.ఎన్.ఏ. అచ్చుదిమ్మెలోని అక్షరములవలె తిరగబడి యుండును. జీవకణము దానిని నేరుగా చదువలేదు. ముందు దాని ప్రతిని అచ్చు తీయవలెను. ఆ పని చేయు ఎంజైము కణములో లేదు. మఱి వైరస్ ఎట్లు వృద్ధి పొందుచున్నది?

1970లో డేవిడ్ బాల్టిమోర్, ఆలిస్ హువాంగ్, మార్తా స్టాంఫర్ ఈ చిక్కు విప్పిరి. ఆ ఎంజైమును వైరస్ తన తూటాలోనే వెంట తెచ్చుకొనుచున్నది! ఇతర వైరస్‌లును ఇట్లే చేయునా యని బాల్టిమోర్ కంతులు కలిగించు వైరస్‌లను పరీక్షించి, ఆ యేడే ఆర్.ఎన్.ఏ.నుండి డి.ఎన్.ఏ.ను తయారుచేయు ఎంజైమును కనుగొనెను. హోవార్డ్ టెమిన్ కూడ వేఱుగా దానినే కనుగొనెను. 1975లో రెనాటో దుల్బెకోతోపాటు వీరిరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

1995 నాటికి డి.ఎన్.ఏ. ప్రతినుండి వి.ఎస్.వి.ని ప్రయోగశాలలో నిర్మించుట సాధ్యమైనది. దానితో జన్యువులను మార్చుటయు సులభమైనది. వి.ఎస్.వి. పైపొర ప్రోటీను జన్యువును తీసివైచి, ఎబోలా వైరస్ పైపొర ప్రోటీను జన్యువును చేర్చిరి. శరీరము ఆ వేషమును చూచి ఎబోలాను ఎదుర్కొనుట నేర్చుకొనును. ఎబోలా జబ్బు మాత్రము రాదు. ఈ టీకాను 2015లో గినీ దేశమున పరీక్షించిరి. 2019లో ఐరోపాలోను, అమెరికాలోను ఆమోదించిరి.

ఈ వైరస్ జ్ఞాతి మనకును పరిచితమే. 1965లో నాగపూరు ప్రాంతమున కనుగొన్న చాందీపురా వైరస్ ఈ ప్రజాతిలోనిదే. ఇసుక యీగలు దానిని వ్యాపింపజేయును. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించిరి. ఆ వ్యాధికి చాందీపురా వైరస్ కారణమని పరిశోధకులు తేల్చిరి. ఒక వైరస్‌నే టీకాగా మలచిన విజ్ఞానము, దాని జ్ఞాతికి ఇంకను టీకా సమకూర్చలేదు. నేటి విద్యార్థులకు మిగిలియున్న పని ఇది.