డిటెక్టివ్ ప్రేమలో పడకూడదా?

గత రెండు నెలల్లో చదివిన నవలల లిస్టు చూసుకుంటే అయితే హత్యలు, లేకపోతే పెళ్ళిళ్ళు. ఆఫీసు నుంచి వచ్చాక బుర్రకి అంతకంటే బరువైనవి ఎక్కట్లేదు. వాటిలో ఓ నాలుగు మాత్రం ఏ అరలో పెట్టాలో తెలియకుండా మిగిలిపోయాయి. డొరొతీ సేయర్స్ రాసిన హారియెట్ వేన్ నవలలు: ‘స్ట్రాంగ్ పాయిజన్’ (1930), ‘హేవ్ హిజ్ కార్కస్’ (1932), ‘గాడీ నైట్’ (1935), ‘బస్‌మన్స్ హనీమూన్’ (1937). డిటెక్టివ్ నవలలే, కానీ నాలుగింటినీ కలిపి చదివితే అదొక పెద్ద ప్రేమకథ.

వీటిలో ఏది బావుందో చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఎందుకంటే ఇవి వచ్చేనాటికి డిటెక్టివ్ నవలలో ప్రేమ ఉండటమంటే ఇంచుమించు నిషేధం. ఆ నిషేధానికి వంతపాడిన వాళ్ళలో సేయర్స్ కూడా ఉంది. మరి ఆవిడే ఎందుకు దాటింది? అసలు కథ అదీ.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో డిటెక్టివ్ నవల ఒక ఆటగా మారింది. అది క్రాస్‌వర్డుల పిచ్చి ముదిరిన కాలం కూడా. రచయిత క్లూలన్నీ పాఠకుడి ముందు పెట్టాలి, పాఠకుడు డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి పట్టుకోవటానికి ప్రయత్నించాలి. ఆటన్నాక రూల్స్ ఉండాలి కదా! 1928లో ఎస్.ఎస్. వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత ఇరవై రూల్స్ రాశాడు. ప్రేమ వ్యవహారాలు వద్దనేది వాటిలో మూడోది. డిటెక్టివ్ పని నేరస్థుణ్ణి పట్టుకోవటమేగానీ పెళ్ళిళ్ళు కుదర్చటం కాదని ఆయన వాదన. మరుసటి ఏడాది రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదరు గారు పది ఆజ్ఞలు ఇచ్చాడు. రహస్య ద్వారం ఒకటికి మించి ఉండకూడదు, కవలలు ఉంటే ముందే హింట్ ఇవ్వాలి, ఇలాంటివి. 1930లో లండన్‌లో ‘డిటెక్షన్ క్లబ్’ పెట్టుకుని, కొత్తగా చేరేవాళ్ళ చేత పుర్రె మీద చెయ్యి పెట్టించి మరీ ప్రమాణం చేయించేవాళ్ళు. అందులో క్రిస్టీ ఉంది, చెస్టర్టన్ ఉన్నాడు, సేయర్సూ ఉంది.

సేయర్స్ 1928లోనే ఒక కథా సంకలనానికి పెద్ద ముందుమాట రాస్తూ, మంచి డిటెక్టివ్ కథల్ని అనవసరపు ప్రేమకథలు పాడుచేస్తున్నాయని విసుక్కుంది. ఒకటీ అరా మినహాయింపులిచ్చింది, అందులో ముఖ్యమైనది విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’.

పైకి చాదస్తంలా కనిపించినా ఈ రూల్ వెనక లాజిక్ ఉంది. డిటెక్టివ్ ఒక అనుమానితురాలిని ప్రేమించాడనుకోండి, ఆమె హంతకురాలు కాదని పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇన్ఫర్మేషన్ లీక్ అన్నమాట. పది మంది అనుమానితుల్లో ఒకళ్ళు ఉచితంగా తగ్గిపోతారు. పజిల్ దృష్టిలో ప్రేమ ఒక బగ్గే.

అయితే చరిత్ర చూస్తే ఈ రెండూ మొదటి నుంచీ శత్రువులేం కాదు. ‘ది మూన్‌స్టోన్’ 1868లో డికెన్స్ నడిపే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో దోచిన వజ్రంతో కథ మొదలవుతుంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు ప్రస్తావన కూడా కాలిన్స్ ముందుమాటలో ఉంది. ఇంగ్లండులో ఒక ఇంట్లో ఆ వజ్రం పోతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో కొంత తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది. కానీ ప్రేమ వల్ల నోరు విప్పదు. ఆమె మాట్లాడిన రోజు కేసు సగం తేలిపోతుంది. అంటే ఇక్కడ ప్రేమ మిస్టరీకి అడ్డం కాదు, దాని తాళమే ప్రేమ.

తర్వాతి కాలపు క్రైమ్ రచయిత్రి పి.డి. జేమ్స్ ఇంకో అడుగు ముందుకేసి జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ని హత్య లేని డిటెక్టివ్ నవల అంది. నిజమే, అందులో ఒక రహస్య నిశ్చితార్థం ఉంది, క్లూలన్నీ మన కళ్ళముందే ఉంటాయి, మనం ఎమ్మాతోపాటు తప్పు మనుషుల్ని అనుమానిస్తూ పోతాం. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో కనుక్కోవటం కంటే పెద్ద కేసు ఏముంటుంది?

సరే, సేయర్స్ దగ్గరికి వద్దాం. 1893లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో సోమర్‌విల్ కాలేజీలో చదివి 1915లో ఫస్ట్ క్లాసులో పాసయింది. కానీ డిగ్రీ ఇవ్వలేదు! అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆడవాళ్ళు చదవొచ్చు, పరీక్షలు రాయొచ్చు, పట్టా మాత్రం లేదు. 1920లో రూల్ మారాక మొదటి విడతలో డిగ్రీ తీసుకున్న ఆడవాళ్ళలో ఈవిడ ఒకరు. 1922లో బెన్సన్స్ అనే యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరి, పగలు ఆవాల పొడికి ప్రకటనలు, మిగతా టైములో లార్డ్ పీటర్ విమ్సీ నవలలు రాసింది. (ఆ ఆఫీసు అనుభవంతో రాసిన ‘మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్’ ఆఫీసు రాజకీయాలు తెలిసిన ఎవరికైనా నచ్చుతుంది. డెడ్‌లైన్లు, టీ బ్రేకు కబుర్లు, ఎవరి క్యాబిన్ పెద్దదన్న గొడవ, మధ్యలో మెట్ల మీంచి పడి చచ్చిన ఉద్యోగి.)

వ్యక్తిగత జీవితం అంత సాఫీగా లేదు. జాన్ కుర్నోస్ అనే రచయితని ప్రేమించింది. తనకి పెళ్ళి మీద నమ్మకం లేదన్నాడాయన. తర్వాత కొన్నాళ్ళకే ఇంకొకావిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. 1924లో మరొకతని వల్ల సేయర్స్‌కి కొడుకు పుట్టాడు. ఉద్యోగం పోకుండా, ముసలి తల్లిదండ్రులకి తెలియకుండా ఆ పిల్లాణ్ణి కజిన్ దగ్గర పెంచింది. ఆవిడ బతికుండగా బయటి ప్రపంచానికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు ‘స్ట్రాంగ్ పాయిజన్’ తెరవండి. కోర్టు బోనులో హారియెట్ వేన్ నిలబడి ఉంటుంది. ఆమె ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రురాలు, డిటెక్టివ్ నవలలు రాసి బతుకుతోంది. పెళ్ళి మీద నమ్మకం లేదన్న రచయితతో కలిసి ఉంది. ఏడాది గడిచాక అతను “నువ్వు పరీక్షలో పాసయ్యావు, ఇప్పుడు చేసుకుందాం” అన్నట్టు పెళ్ళి ప్రస్తావన తెస్తే ఒళ్ళుమండి వదిలేసి వచ్చేసింది. తర్వాత అతను ఆర్సెనిక్ విషంతో చచ్చిపోయాడు. విమ్సీ ఆమెని కోర్టులో చూసి ప్రేమలో పడతాడు. ఇందాకటి లీకు ఇక్కడ మొదటి అధ్యాయాల్లోనే జరిగిపోయింది, ఆమె నిర్దోషి అని మనకి తెలిసిపోయింది. అందుకని సేయర్స్ తెలివిగా ప్రశ్ననే మార్చేసింది. ఎవరు చంపారన్నది కాదు, ఎలా చంపారన్నదే చివరిదాకా నడిపిస్తుంది.

ఈ నవలలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. కేసు తేల్చేది నిజానికి విమ్సీ ఒక్కడే కాదు. జ్యూరీలో మొండికేసి కూర్చున్న మిస్ క్లింప్సన్, లాయరు ఆఫీసులో టైపిస్టుగా చేరి తాళాలు తియ్యటం నేర్చుకున్న మిస్ మర్చిసన్. ఇద్దరూ పెళ్ళికాని మధ్యవయసు ఆడవాళ్ళు. యుద్ధంలో లక్షల మంది మగవాళ్ళు చచ్చిపోయాక 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు పదిహేను లక్షల పైచిలుకు ఎక్కువ తేలారు. పత్రికలు వాళ్ళకి ‘మిగులు ఆడవాళ్ళు’ అని పేరు పెట్టాయి. సేయర్స్ ఆ మిగులు మనుషులకి జీతం, పని, బుర్ర వాడే అవకాశం ఇచ్చింది.

మామూలు రొమాన్స్ అయితే హీరో ఉరికంబం నుంచి తప్పించాడు కాబట్టి హీరోయిన్ చెయ్యందిస్తుంది, శుభం. ఇక్కడ హారియెట్ కాదంటుంది. ప్రాణం కాపాడిన మనిషికి జీవితాంతం కృతజ్ఞతతో పడి ఉండటం పెళ్ళి కాదని ఆమె లెక్క. రెండో నవలలో సముద్రపు ఒడ్డున శవం ఆమెకే దొరుకుతుంది, పరిశోధన ఇద్దరూ కలిసి చేస్తారు, పెళ్ళి మాటెత్తితే మళ్ళీ కాదంటుంది. (ఇందులో ప్లేఫెయిర్ సైఫర్‌ని స్టెప్ బై స్టెప్ ఛేదించే అధ్యాయం ఒకటుంది. మనవాళ్ళు కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంటారు. మిగతావాళ్ళు నిద్రపోతారు.)

‘గాడీ నైట్’లో అసలు హత్యే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కల్పిత మహిళా కాలేజీ. ఎవరో ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తుంటారు, లెక్చరర్ల రాతప్రతులు చింపేస్తుంటారు. పరువు పోతుందని పోలీసుల్ని పిలవరు, పాత విద్యార్థిని హారియెట్‌ని పిలుస్తారు. ఆ భయం ఊరికే రాలేదు. పట్టాలిచ్చిన ఏడేళ్ళకే, 1927లో, ఆక్స్‌ఫర్డ్ ఆడపిల్లల సంఖ్యకి పరిమితి పెట్టింది, అది 1957 దాకా నడిచింది. కేంబ్రిడ్జ్ అయితే 1948 దాకా పూర్తి డిగ్రీలే ఇవ్వలేదు. చదువుకున్న ఆడవాళ్ళకి పిచ్చెక్కుతుందని జోకులేసేవాళ్ళకి ఈ ఉత్తరాల సంగతి తెలిస్తే పండగే.

ఉత్తరాలు ఎవరు రాస్తున్నారో చెప్పను. కానీ నవల మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పనిలో నిజాయితీకీ, ఇంట్లో మనిషికీ పోటీ వస్తే దేని వైపు నిలబడాలి? పెళ్ళాం పిల్లలున్న ఒక పరిశోధకుడు తన థియరీకి అడ్డొచ్చిన ఒక డాక్యుమెంట్ దాచేస్తే, అతన్ని బయటపెట్టటం ధర్మమా, కుటుంబం రోడ్డున పడుతుందని ఊరుకోవటం ధర్మమా? హారియెట్‌కి ఇది తన ప్రశ్న కూడా. పెళ్ళి చేసుకుంటే తన రాత ఏమవుతుంది?

అప్పటి లోకం ఆ ప్రశ్నకి తేలిగ్గా జవాబిచ్చేది. బ్రిటిష్ సివిల్ సర్వీసులో పెళ్ళయిన ఆడవాళ్ళు ఉద్యోగం వదిలెయ్యాలనే నిబంధన 1946 దాకా ఉంది. మనకేం తక్కువ కాదు. మన విదేశాంగ సర్వీసులో ఆడ ఆఫీసర్లు పెళ్ళికి ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలని, పెళ్ళయ్యాక అవసరమైతే రాజీనామా చెయ్యాలని రూల్ ఉండేది. సి.బి. ముత్తమ్మ గారు తన ప్రమోషన్ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, 1979లో, జస్టిస్ కృష్ణయ్యర్ ఇలాంటి రూల్స్‌ని కడిగిపారేశారు. మగ ఆఫీసర్ల సంసారం ఉద్యోగానికి ఎందుకు అడ్డు రాదని ఆయన అడిగిన ప్రశ్నే, 44 ఏళ్ళ ముందు ఒక డిటెక్టివ్ నవల వేరే రకంగా అడిగింది.

విమ్సీ ఇచ్చే జవాబు మాటల్లో ఉండదు, చేతల్లో ఉంటుంది. ప్రమాదం ఉందని తెలిసీ హారియెట్‌ని ఇంటికి వెళ్ళిపొమ్మనడు. ఎవరైనా గొంతు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో నేర్పి, మెడకి కుక్క పట్టీ కొనిస్తాడు! ఆమె రాస్తున్న నవలలో ఒక పాత్రకి ప్రాణం లేదని మొహమాటం లేకుండా చెప్తాడు. మనలో మంచి కోడ్ రివ్యూ దొరికినవాళ్ళకి ఆ సీన్ విలువ తెలుస్తుంది. మనసు చివుక్కుమంటుంది, కానీ ఎదుటివాడు మన పనిని సీరియస్‌గా తీసుకున్నాడని తెలుస్తుంది. చివరికి అయిదేళ్ళ తర్వాత అతను మళ్ళీ అడిగినప్పుడు, ఇద్దరూ గౌన్లు వేసుకుని ఉంటారు, ఆక్స్‌ఫర్డ్ పట్టా ప్రదానంలో వాడే లాటిన్ మాటల్లో అడుగుతాడు. ఆమె ఒక్క మాటలో ఒప్పుకుంటుంది. ఆ గౌను 1920 దాకా ఆడవాళ్ళకి దొరకలేదని తెలిసి చదివితే ఆ సీన్ వేరేగా ఉంటుంది. సాటి పట్టభద్రురాలిని అడిగినట్టు అడిగాడన్నమాట.

ఇది చదివాక మన నవలలు గుర్తురాకుండా ఎలా ఉంటాయి? మన అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్‌లూ ప్రేమకథలూ వేరువేరు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజు ఒక వైపు, యద్దనపూడి ఇంకో వైపు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయ్యింది. అందరికీ గుర్తున్నది రాజశేఖరం ఆరడుగుల ఎత్తూ, కారూ. కానీ కథని నడిపేది ఉద్యోగం చేసుకునే జయంతి ఆత్మాభిమానం. డబ్బున్నవాడి మంచితనాన్ని దయలా తీసుకోలేకపోవటం హారియెట్ జబ్బే. ఆ విషయంలో వీళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళు. తేడా ఏంటంటే జయంతి ఉద్యోగం కథలో మెల్లగా పక్కకి పోతుంది, హారియెట్ పని పోదు.

రెండు అరల్నీ నిజంగా కలిపింది యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’. చెస్ ఛాంపియన్ రేవంత్‌కి ముఖం చూపించని అమ్మాయి ఫోన్ చేస్తుంది, పజిల్స్ ఇచ్చి నన్ను కనుక్కోమంటుంది. 1995లో కన్నడంలో అనంత్‌నాగ్‌తో సినిమా కూడా తీశారు. ప్రేమే మిస్టరీ, మిస్టరీయే ప్రేమ. పజిల్‌గా మన దగ్గర ఇంత చక్కగా కుదిరిన ప్రేమకథ ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ అక్కడ అమ్మాయి ప్రశ్న, అబ్బాయి దాన్ని విప్పేవాడు. ‘గాడీ నైట్’లో కూడా చదరంగం ఉంది. హారియెట్ ముచ్చటపడ్డ దంతపు పావుల్ని విమ్సీ కొనిస్తాడు. అయితే బల్లకి రెండు పక్కలా ఆడేవాళ్ళే ఉన్నారు.

సేయర్స్‌లో లోపాలు లేవని కాదు. ‘గాడీ నైట్’ చాలా నెమ్మది, మధ్యలో రెండొందల పేజీలు కాలేజీ కబుర్లే. విమ్సీ డ్యూక్ గారి తమ్ముడు, లెక్కలేనంత డబ్బు, అన్ని భాషలూ, అన్ని విద్యలూ వచ్చు. రాజశేఖరాన్ని చూసి నవ్వేవాళ్ళు ముందు ఇతన్ని చూసి నవ్వాలి. యూదుల గురించి, పనివాళ్ళ గురించి ఆనాటి దొరల చులకన అక్కడక్కడా పంటికింద రాయిలా తగుల్తుంది. ‘బస్‌మన్స్ హనీమూన్’లో కొత్త దంపతుల సరసం కొన్ని చోట్ల మరీ ఎక్కువైంది.

అయినా వరసలోనే చదవండి. ‘స్ట్రాంగ్ పాయిజన్’తో మొదలుపెట్టండి, ‘గాడీ నైట్’కి ఒక లాంగ్ వీకెండ్ కేటాయించండి. రూల్స్ పెట్టుకున్న పెద్దమనుషులు ప్రేమని బయటికి పంపింది అది పజిల్‌ని చెడగొడుతుందని. సేయర్స్ దాన్ని వెనక్కి తెచ్చింది, అందులోనే అసలు పజిల్ ఉందని తెలిశాక. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో, ఎవరి ఆన్‌సైట్ ఎవరు వదులుకోవాలన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆ కేసు మళ్ళీ తెరుచుకుంటూనే ఉంది.